మాట పూర్తయ్యేదాకా

పెళ్ళయిన పదమూడేళ్ళలో సారలమ్మ మొదలుపెట్టిన మాట ఆమె నోటే పూర్తయిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నత్తి చిన్నప్పటి నుంచీ ఉంది. 'స' దగ్గరా 'క' దగ్గరా గొంతు బిగుసుకుపోయేది. మేడారం జాతర వారంలో పుట్టిందని ఇంట్లోవాళ్ళు అమ్మవారి పేరు పెట్టుకున్నారు. తీరా చూస్తే ఆ పిల్లకు నోరు తిరగనిది ఆ పేరే. బళ్ళో హాజరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకునేది. పెళ్ళిచూపుల్లో ఒక పెద్దమనిషి "నీ పేరేంది బిడ్డా?" అని అడిగినప్పుడు చెయ్యెత్తితే సరిపోదు కదా. ఆమె 'స' దగ్గరే ఉండిపోయింది, అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. అప్పుడు పెళ్ళికొడుకు బుచ్చిరాములు నవ్వుతూ అందుకున్నాడు.

"సారలమ్మ గదనే మామా. పొద్దటిసంది పదిసార్లు విన్నం, మల్లెందుకు అడుగుడు?"

అందరూ నవ్వేశారు. ఈ మనిషి పక్కనుంటే ఇక తనకు బతుకంతా మాట్లాడే పని ఉండదని ఆమె గుండె నిమ్మళించింది. అనుకున్నట్టే అయింది కూడా.

బుచ్చిరాములు ఉప్పల్ రింగురోడ్డు నుంచి రామంతాపూర్ దాకా షేర్ ఆటో నడిపేవాడు. మాటలపోగు. ఎక్కినవాళ్ళు దిగేలోపు వాళ్ళ ఊరు, కులం, మోకాళ్ళ నొప్పి అన్నీ కనుక్కునేవాడు. ఇంటికొచ్చాక భార్య 'కి...' అనగానే 'కిరోసినా?' అనేవాడు. 'పా...' అనగానే 'పాలు విరిగినయా?' అనేవాడు. పదింట ఎనిమిదిసార్లు సరిగ్గానే చెప్పేవాడు. మిగిలిన రెండుసార్లూ ఆమె కాదనలేక తల ఊపేది. రేషన్ షాపు దగ్గరా, ఇల్లు గలామెతోనూ మాట్లాడేది ఆయనే. చివరికి దవాఖానాలో డాక్టరమ్మ సారలమ్మను అడిగిన ప్రశ్నలకు కూడా ఆయనే జవాబు చెప్పేవాడు.

ఆ దవాఖానాకు పోయింది పెళ్ళయిన నాలుగో ఏట, ఐదో నెల కడుపు పోయినప్పుడు. మళ్ళీ నిలవలేదు. ఆనాడు మత్తులోంచి తేరుకుని ఆమె డాక్టరమ్మను ఒకటి అడగబోయింది. "క... క..." అంటుండగానే బుచ్చిరాములు, "కడుపు నొస్తుందట మేడం, జర మందియ్యిన్రి" అన్నాడు. డాక్టరమ్మ మందు రాసి పక్క మంచానికి వెళ్ళిపోయింది. సారలమ్మ అడగాలనుకున్నది అది కాదు.

నాచారంలో ఒక బట్టల కంపెనీలో ఆమె పని. చొక్కాలకు గుండీలు సరిగా ఉన్నాయో లేదో చూసే చెకింగ్ బల్ల దగ్గర చేరింది. నోరు విప్పని మనిషి లెక్క తప్పదని సూపర్వైజరు ఆమెను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. ఎన్ని పీసులు పాసయ్యాయో, ఎన్ని తిరిగొచ్చాయో కొట్టడమే పని. ఆ కంప్యూటరుతో ఆమెకు స్నేహం కుదిరింది. అది ఎంతసేపైనా ఆగుతుంది, పక్కనుంచి మాట అందించదు.

2011లో, ఎండలు ముదరకముందు, అన్నం డబ్బాకు చుట్టుకొచ్చిన పేపరు ముక్కలో ఒక చిన్న వార్త చదివింది. నత్తి ఉన్నవాళ్ళు కొందరు ప్రతి ఆదివారం పొద్దున పదకొండింటికి ఇంటర్నెట్‌లో కలుసుకుంటున్నారట. మందు లేదు, ఫీజు లేదు, గురువు లేడు. కింద ఒక ఫోను నంబరు ఉంది.

నంబరు ఉంటే ఏం లాభం? ఫోనంటేనే ఆమెకు భయం. ఎదుట మనిషైతే సైగ చేయొచ్చు. ఫోన్లో సైగ ఎవరికి కనపడుతుంది? నాలుగు రోజులు మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేసింది. ఐదో రోజు మధ్యాహ్నం కంపెనీ డాబా మీద ఉండగా ఆ నంబరు నుంచే ఫోను మోగింది.

"హలో" అన్నది ఒక పెద్దవయసు గొంతు. తర్వాత ఏమీ లేదు. లైను తెగిందనుకుంది. అంతలో వినపడింది.

"త్... త్... త్రి..." బురదలో దిగబడిన బండిని ఎవరో భుజం పెట్టి నెడుతున్నట్టుంది. నెట్టగా నెట్టగా బయటపడింది. "త్రిమూర్తులునండీ. అమలాపురం. నాలుగు రోజులుగా మిస్డ్ కాలిస్తున్నది మీరేనాండీ?"

ఆమె నోరు తెరిచింది. 'స' దగ్గర ఆగిపోయింది.

"తొందరేం లేదండీ. భోంచేసేశాను. సాయంత్రం దాకా ఖాళీయే."

భోజనాల గంట అయిపోయి కింద మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. అవతల ఆయన దగ్గలేదు, అలికిడి చేయలేదు, "సరోజనా? సావిత్రా?" అనలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"స... సా... సారలమ్మ."

"సారలమ్మగారూ. మంచి పేరండీ. పూర్తిగా విన్నాను."

డాబా మీది నీళ్ళ ట్యాంకు చాటుకు పోయి ఆమె చాలాసేపు ఏడ్చింది. ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా సీటుకు వచ్చి సూపర్వైజరుతో మాటపడింది.

త్రిమూర్తులు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయినవాడు. ఊరందరికీ ఫోన్లు బిగించాడు గాని తాను ఏనాడూ ఫోనెత్తి 'హలో' దాటలేదు. ఆయనే ఆమెకు పద్ధతి చెప్పాడు. "మనలో పెద్ద అంటూ ఎవరూ లేరండీ. ఎవరొస్తే వాళ్ళదే సభ. ఇద్దరొస్తే ఇద్దరు, పదిమందొస్తే పదిమంది. ఏం మాట్లాడాలో ముందుగా అనుకోం. ఒక్కటే షరతు. అవతలివాళ్ళ నోట్లో మాట మనం అందుకోకూడదు."

అదే నెలలో కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు మార్చారు. పాతవి ఎవరికి కావాలంటే వాళ్ళను పట్టుకుపొమ్మన్నారు. లావుపాటి టీవీ పెట్టెలాంటి దాన్ని బుచ్చిరాములే ఆటోలో వేసుకొచ్చాడు.

"ఇంట్ల గిదెందుకే?"

"నే... నేర్..."

"నేర్చుకుంటవా? నేర్చుకో, నేర్చుకో. మంచిగ నేర్చుకో."

పెన్‌డ్రైవ్ అంతటి నెట్ డాంగిల్, చిన్న మైకు, రెండు స్పీకర్లు తెచ్చుకుంది. స్కైప్ పెట్టుకోవడం తనంతట తనే నేర్చుకుంది. బొమ్మ లేకుండా ఒట్టి గొంతులతో మాట్లాడుకుంటే ఆ డాంగిల్ సరిపోయేది. వాళ్ళు దాన్ని 'గది' అనేవాళ్ళు. ఒక్కొక్కరినీ పిలిచి కలపడాన్ని 'తలుపు తీయడం' అనేవాళ్ళు. త్రిమూర్తులు అమలాపురంలో నెట్ సెంటర్ నుంచి వచ్చేవాడు. అక్కడ కరెంటు పోతే గది మొత్తం మూతబడేది. అందుకని రెండు నెలలు తిరిగేసరికి తలుపు తీసే పని సారలమ్మకు వచ్చింది. ఎవరూ ఆమెను నియమించలేదు. ముందుగా వచ్చి కూర్చునేది ఆమే కాబట్టి అలా జరిగిపోయింది.

ఏడెనిమిది మంది వచ్చేవాళ్ళు. వాళ్ళలో కావ్య అని రామంతాపూర్ అమ్మాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరింది. ఇంటర్వ్యూలో తన పేరు దగ్గరే నిమిషం ఆగిపోయానని మొదటిరోజే నవ్వుతూ చెప్పింది. చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉండే హన్మయ్యకు కంప్యూటరు లేదు, చదువూ లేదు. ఉన్నది ఒక చిన్న ఫోను. సారలమ్మ ఆయనకు ఫోను చేసి, స్పీకరు ఆన్ చేసి, మైకుకూ కంప్యూటరు స్పీకర్లకూ మధ్య తువ్వాలు మడిచి దానిమీద పెట్టేది. దగ్గరకు జరిపితే కీచుమని అరిచేది, దూరం జరిపితే ఆయన గొంతు అందేది కాదు. జానెడు ఎడంలో పెడితే సరిపోతుందని మూడు ఆదివారాల తర్వాత కనిపెట్టింది.

పేర్లు చెప్పుకోవడంతో మొదలయ్యేది. ఒక్కోసారి పేర్లకే పావుగంట పట్టేది. తర్వాత ఎవరికేం తోస్తే అది. బస్సులో కండక్టరుకు దిగే చోటు చెప్పలేక చివరి స్టాపు దాకా పోవడం ఒకరిది, నోరు తిరిగే కూరగాయలే కొనడం మరొకరిది. నోరు తిరగదని వంకాయ కూర మానేసినవాడు ఉన్నాడని తెలిసిన రోజు అందరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

ఆ ఏడు వానాకాలం చివర సకల జనుల సమ్మె నడిచింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు, కంపెనీకి తాళం. ఒక ఆదివారం గదిలో హన్మయ్యకూ త్రిమూర్తులుకూ మాటామాటా వచ్చింది.

"మా తె... తె... తె..." అని హన్మయ్య ఊగిపోతున్నాడు. త్రిమూర్తులు ఆగాడు. షరతు షరతే. "తె... తెలంగాణ మాకియ్యిన్రి సారూ. కలిసుండి మాకేమొచ్చింది?"

త్రిమూర్తులు బదులు చెప్పబోయి తానూ 'త' దగ్గరే చిక్కుకున్నాడు. ఈసారి హన్మయ్య ఆగాడు. ఆగేది ఆగుతూనే కోపంతో బుసకొడుతున్నాడు. గంటసేపు అలా పోట్లాడుకున్నారు. ఊరూవాడా ఒకరి మాట ఒకరు వినకుండా అరుచుకుంటున్న రోజులవి. ఆ గదిలో మాత్రం ఒకరి మాట చివరి అక్షరం దాకా విన్నాకే రెండోవాళ్ళు తిట్టారు. ఆఖర్న హన్మయ్య, "నీ మాట నాకు నచ్చలే సారూ. గని మొత్తం విన్న" అన్నాడు. "నేనూ అంతేనండీ" అన్నాడు త్రిమూర్తులు. మళ్ళీ ఆదివారం ఇద్దరూ వచ్చారు.

ఇంకో ఏడాదికి సారలమ్మ ఆ గదిలో దవాఖానా సంగతి చెప్పింది. మొదలుపెట్టి సగంలో ఉంది. "నేను డాక్టరమ్మను అ... అడగాల్నను... కున్న. నా క... క..." సరిగ్గా ఆ వేళ బుచ్చిరాములు ఆటో టైరు పంక్చరై ఇంటికొచ్చాడు. గడపలో చెప్పులు విడుస్తూ, అలవాటు చొప్పున, "కడుపు నొస్తుందా?" అన్నాడు.

మైకు ఆ మాటను పట్టుకుంది. స్పీకర్లలోంచి త్రిమూర్తులు గొంతు వచ్చింది.

"ఎ... ఎవరండీ అది? ఆ మాట సారలమ్మగారిదండీ. ఆవిడకే వదిలెయ్యండి."

బుచ్చిరాములు ముఖం మాడిపోయింది. ముక్కూమొగం తెలియని మనిషి, తన ఇంట్లో, తన భార్య గురించి తనకే చెప్పడం. చెప్పులు మళ్ళీ తొడుక్కుని బయటికి పోయాడు. సారలమ్మ లేవలేదు. వాళ్ళు ఆగుతున్నారు. ఆమె మాట చివరిదాకా చెప్పింది. "నా కడుపుల పోయిన బిడ్డ ఆడపిల్లనా, మగపిలగాడా అని." పదేళ్ళ తర్వాత ఆ ప్రశ్నను ఆమె చెవులు మొదటిసారి విన్నాయి.

ఎవరూ ఓదార్చలేదు. హన్మయ్య మాత్రం, "విన్న బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాత భార్యాభర్తల మధ్య ఆ ఊసు రాలేదు. ఆదివారాలు ఆయన పన్నెండు దాటాకే ఇంటికి వచ్చేవాడు.

2013లో కావ్య వాట్సాప్ గ్రూపు పెట్టింది. ఊరికే, గది ఎన్నింటికో గుర్తు చేయడానికి అంది. త్రిమూర్తులుకు కొత్త ఫోను వచ్చింది. సారలమ్మ కూడా చవకలో ఒకటి కొనుక్కుంది. తెల్లారితే పువ్వుల బొమ్మలు, శుభోదయాలు, జోకులు. గదిలో ఆరు నెలలకు చెప్పుకునే కబుర్లు అక్కడ ఒక్క పూటలో అయిపోయేవి. టైపులో ఎవరికీ నత్తి లేదు. త్రిమూర్తులు పేజీలకు పేజీలు రాశాడు. ఆయనకింత మాటకారితనం ఉందని ఎవరికీ తెలియదు. అందరికీ హాయిగా ఉంది. సారలమ్మకూ కొన్నాళ్ళు హాయిగానే ఉంది.

మెల్లగా ఆదివారం గదికి వచ్చేవాళ్ళు తగ్గారు. ఒకరు చుట్టాలొచ్చారని, ఒకరు నెట్ బాగా లేదని మెసేజ్ పెట్టేవాళ్ళు. ఆ మెసేజ్‌లు చదువుతూ సారలమ్మ వాళ్ళ గొంతులు గుర్తుచేసుకునేది. ఈ మాట దగ్గర త్రిమూర్తులుగారు ఆగేవారు, ఇక్కడ కావ్య చిన్నగా గుటక వేసేది అనుకునేది. చివరికి గదికి మిగిలింది టైపు చేయడం రాని హన్మయ్య ఒక్కడే. ఇద్దరే ఉన్నారు కాబట్టి కంప్యూటరుతో పని లేదు, ఫోను చాలు. అయినా ఆమె కంప్యూటరు పెట్టి, గది తెరిచి, తువ్వాలు మడిచి ఫోను దానిమీదే పెట్టేది. ఎవరైనా రావచ్చు కదా.

2014 వేసవిలో హన్మయ్య ఫోను స్విచ్ఛాఫ్ అయింది. ఒక ఆదివారం, రెండు, నాలుగు. జూన్ రెండున కొత్త రాష్ట్రం వచ్చింది. నాచారం వీధుల్లో పటాకులు పేలాయి, గులాల్ చల్లుకున్నారు. కంపెనీలో మిఠాయి పంచారు. సారలమ్మ తన మిఠాయి తినకుండా కాగితంలో చుట్టిపెట్టింది. ఈ పూట హన్మయ్య ఆ మాటను ఎన్ని 'తె'లతో అంటాడో వినాలనిపించింది. విననిదే ఆ పండుగ తనకు సగమే అనిపించింది.

రెండో రోజు సెలవు పెట్టి చర్లపల్లి పోయింది. ఒంటరిగా ఆటో ఎక్కి, దిగాల్సిన చోటు చెప్పి దిగడం ఆమె బతుకులో అదే మొదలు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఉన్నాడు.

"హ... హ..."

"హరి సారా? లోపల లేడమ్మా. హెచ్చార్ సార్ గావాల్నా?"

"జర ఆగన్నా" అంది సారలమ్మ. "నే... నేనే జెప్త."

అతను ఆశ్చర్యంగా చూసి ఆగాడు. వెనక ఒక లారీ హారన్ కొడుతోంది. ఆమె తొందరపడలేదు.

"హన్మయ్య. ఇక్కడ వాచ్‌మన్. యా... యాడికి వోయిండు?"

"ముసలాయననా? చూపు మందగిచ్చిందని పని బంద్ జేసి ఊరికి వోయిండమ్మా. నెల దాటింది."

"ఏ ఊరు?"

"నాకు తెల్వదు. నువ్వాయనకు ఏమయితవ్?"

మూడేళ్ళు ప్రతి వారం ఆ గొంతు విన్నది. ఊరి పేరు ఎన్నడూ అడగలేదు. ఆఫీసులోకి వెళ్ళి అడిగినా అక్కడ పాత ఫోను నంబరే రాసి ఉంది.

సాయంత్రం అన్నం తింటుండగా బుచ్చిరాములు, "ఇయ్యాల కంపెనీకి వోలేదట గద, ఎటు వోయినవ్?" అన్నాడు.

"చె... చె..."

"చెల్లె ఇంటికి..."

"ఆగు" అంది. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. ఆయన ముద్ద కంచంలోనే పెట్టేశాడు.

ఆమె చర్లపల్లి సంగతి చెప్పింది. హన్మయ్య ఎవరో చెప్పింది. ఆయన మధ్యలో నాలుగైదుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. వేళ్ళు ఎండిపోయాయి, చెయ్యి కడుక్కోవడానికి కూడా లేవలేదు. చివరికి ఆమె దవాఖానాలో అడగాలనుకున్నది ఏమిటో చెప్పింది.

బుచ్చిరాములు తలొంచుకున్నాడు. ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషి ఆ రోజు తడుముకున్నాడు.

"ఆడపిల్లనే. నర్సమ్మ నాకు జెప్పింది."

"నా... నాకెందుకు జెప్పలే?"

"నువ్వు అడగలేదు గద సారా. ఎరుకైతే ఇంక ఏడుస్తవనుకున్న." కంచం పక్కకు జరిపాడు. "నీకు కష్టమైతదని నీ మాటలన్నీ నేనే మాట్లాడిన. అయ్యన్నీ తప్పు మాట్లాడిన్నా?"

"అన్ని గాదు" అంది ఆమె.

అప్పటి నుంచి ఆయన ఆగడం నేర్చుకున్నాడు. పళ్ళు బిగపట్టి, చూపు పక్కకు తిప్పుకుని ఆగేవాడు. ఎంత కష్టపడుతున్నాడో ఆమెకు తెలిసేది. గదిలో వాళ్ళు ఆగినప్పుడు కష్టం కనపడేది కాదు.

ఆడపిల్ల అని వాళ్ళకు చెప్పాలి. ప్రశ్న విన్నవాళ్ళు జవాబు వినాలి కదా. త్రిమూర్తులుకు ఫోను చేసింది. ఆయన కట్ చేసి, 'పెళ్ళిలో ఉన్నానండీ, మెసేజ్ పెట్టండి' అని పంపాడు. ఆమె గ్రూపులో 'ఆడపిల్లట' అని టైపు చేసింది. ఐదు అక్షరాలు, ఎక్కడా తట్టుకోకుండా వచ్చేశాయి. పైన ఎవరో పంపిన మామిడికాయ పచ్చడి బొమ్మ ఉంది. చూసి చెరిపేసింది. బదులుగా, 'ఈ ఆదివారం గది తెరిచే ఉంటది, అందరు రాండ్రి' అని పెట్టింది. ఆరుగురు బొటనవేలు బొమ్మలు పంపారు.

ఆదివారం బుచ్చిరాములు ఆటో తీసుకుని పోయాడు. సారలమ్మ గది తెరిచింది. పదకొండు దాటింది, పావు అయింది, సగం అయింది. ఎవరి పేరు పక్కనా పచ్చ చుక్క వెలగలేదు. ఆమె మైకు దగ్గరకు వంగి, "నా కడుపుల పోయింది ఆడపిల్లట" అంది.

ఒక్క అక్షరం దగ్గర కూడా గొంతు పట్టలేదు. ఎవరూ లేనప్పుడు ఆమెకు నత్తి రాదు, ఎన్నడూ రాలేదు. 'క' కూడా నీళ్ళలా జారిపోయింది. ఆ మాట తాను అన్నట్టే అనిపించలేదు. ఆగిపోవాలనీ, అవతల నలుగురు ఊపిరి బిగబట్టి ఉండాలనీ, ఎంతసేపైనా సరే ఆ మాటను వాళ్ళ మధ్య నుంచి మోసుకుంటూ రావాలనీ ఆమెకు ఎంతగా అనిపించిందంటే, కుర్చీ అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

పన్నెండయింది. బయట నీళ్ళ ట్యాంకరు వచ్చింది. సారలమ్మ కంప్యూటరు ఆపకుండానే, స్పీకర్ల గొంతు పెంచి, బిందె తీసుకుని వెళ్ళింది.